బిడ్డ ఎవరింట్లో పెరగాలి?



ఈ వారం రాస్తానని మాటిచ్చిన విషయం వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. కారణం మా క్లాసులో వచ్చిన ఒక ప్రశ్న.

అడ్డతీగలలో మా డిగ్రీ క్లాసు ఎలా ఉంటుందో ఈ సిరీస్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. కొండరెడ్డి, కోయదొర, కొండకమ్మర, వాల్మీకి పిల్లలు. కింద మెట్ట ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే మాల, మాదిగ పిల్లలు. కొద్దిమంది బీసీలు. ఆ రోజు పాఠం మధ్యలో మాట ఝాన్సీ మీదికి వెళ్లింది. దత్తపుత్రుణ్ని వారసుడిగా ఒప్పుకోనని డల్హౌసీ ఆ రాజ్యాన్ని లాక్కున్న కథ. మన స్కూలు పుస్తకాల్లో దత్తత అనే మాట వినిపించేది దాదాపు ఆ ఒక్క చోటే. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, "మేడం, ఇద్దరు మగవాళ్లు కలిసి ఒక బిడ్డను దత్తత తీసుకోవచ్చా?" అని అడిగాడు.

క్లాసంతా నవ్వింది. అడిగినవాడూ నవ్వాడు. ఇద్దరో ముగ్గురో మాత్రం నవ్వలేదు, తలలు దించుకున్నారు. ఈ వ్యాసం ఆ ఇద్దరు ముగ్గురి కోసం.

"చట్టం ఒప్పుకోదమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి పాఠంలోకి వెళ్లిపోవచ్చు. కానీ ఆ చట్టం ఎక్కడి నుంచి వచ్చింది, అది ఇంతకు ముందు ఎవరెవర్ని కాదంది అని వెనక్కి వెళ్తే, మన వాడలూ మన తండాలూ మన కొండలూ కనపడతాయి. అందుకే ఇది మన విషయం.

"పట్నం పైవర్గం" అనే మాట

ముందు ఈ కాలం కేసు చూద్దాం. హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు యువకులు 2021 డిసెంబరులో ఇంటివాళ్ల ముందు, స్నేహితుల ముందు పెళ్లి వేడుక చేసుకున్నారు. ఆ పెళ్లికి చట్టంలో విలువ లేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్లతోపాటు దేశం నలుమూలల నుంచీ ఇంకా చాలామంది పిటిషన్లు వేశారు. మన హైదరాబాద్ ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి కూడా ఆ పిటిషనర్లలో ఒకరు. అన్నిటినీ కలిపి విన్న ఆ కేసును ఈ రోజు సుప్రియో కేసు అంటున్నాం.

2023 ఏప్రిల్‌లో విచారణ మొదలయ్యే ముందు కేంద్ర ప్రభుత్వం కోర్టుకు చెప్పిన మాటల్లో ఒకటి గుర్తు పెట్టుకోండి. ఇది పట్నాల్లో ఉండే పైవర్గాల ఆలోచన మాత్రమేనట. అంటే పల్లెల్లో, కొండల్లో, వాడల్లో ఇలాంటి మనుషులు ఉండరని. తీర్పులో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ఇది పట్నానికో డబ్బున్నవాళ్లకో మాత్రమే చెందినది కాదని వివరంగా రాశారు.

నాకు తీర్పు కూడా అక్కర్లేదు. తల దించుకున్న ఆ పిల్లలు ఏ పైవర్గమో నాకు తెలుసు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పప్పుచారు తిని, ఆదివారం బస్సు డబ్బులు లేక ఇంటికి పోని పైవర్గం.

దత్తత వేరు, పెంపకం వేరు

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటల దగ్గర కాసేపు ఆగుతాను.

మన ఇళ్లలో దత్తత అనే మాట తక్కువ వినపడుతుంది. "పెంచుకున్నారు" అంటాం, "సాకారు" అంటాం. పెంపుడు కొడుకు, పెంపుడు కూతురు అంటాం. ఈ మాటలన్నీ బిడ్డకు అన్నం పెట్టే పని చుట్టూ తిరుగుతాయి. దత్తత సంస్కృతం మాట. దానికి మూలం "ఇవ్వబడినది" అని. అక్కడ ముఖ్యం ఇవ్వడం, పుచ్చుకోవడం. ఒక వంశం నుంచి ఇంకో వంశానికి కొడుకును మార్చడం.

ఎందుకు మార్చాలి? పిండం పెట్టడానికి, ఆస్తి నిలబడడానికి. కొడుకు లేని ఇల్లు గతి లేనిదనే నమ్మకం మీద కట్టిన వ్యవస్థ అది. దత్తక మీమాంస, దత్తక చంద్రిక అనే రెండు సంస్కృత గ్రంథాలను ఇంగ్లీషువాళ్లు 19వ శతాబ్దం మొదట్లో అనువాదం చేయించి కోర్టుల్లో వాడుకున్నారు. ఆ ధర్మశాస్త్రం ప్రకారం మగపిల్లవాణ్నే తీసుకోవాలి. అదే కులంవాడై ఉండాలి. ఇచ్చే తల్లో తండ్రో బతికి ఉండాలి. ఈ చివరి షరతు చూడండి. తల్లీ తండ్రీ లేని బిడ్డకే కదా ఇల్లు ముందు కావాల్సింది? ఆ బిడ్డనే దత్తత తీసుకోవడానికి వీల్లేదు!

అప్పటి కోర్టు తగాదాలు కూడా అలాంటివే. ఒక్కడే కొడుకు ఉంటే వాణ్ని ఇంకొకరికి దత్తత ఇవ్వొచ్చా అని బలుసు గురులింగస్వామి కేసు మద్రాసు నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1899లో చెల్లుతుందని తీర్పు వచ్చింది. వితంతువుకు దత్తత అధికారం ఉందా లేదా, జమీ ఎవరికి పోతుంది, ఇలాంటి కేసులు పుట్టలు పుట్టలు. ఆ కాగితాల్లో భూమి ఎంత, నగలు ఎన్ని అని లెక్కలుంటాయి. బిడ్డకు ఏం కావాలో అడిగిన దాఖలా వెతుక్కోవాలి.

భూమి లేని మాల మాదిగల ఇళ్లకు ఈ చట్టంతో పనేముంది? అక్క చనిపోతే చెల్లెలు సాకింది. కరువులో పక్కింటి బిడ్డ మన గంజి తాగింది. కాగితం లేదు, హోమం లేదు. మన దగ్గర పెంపకం ఉంది, వాళ్ల దగ్గర దత్తత ఉంది. చట్టమైంది వాళ్లది.

1871: ఒకే చట్టంలో రెండు ముద్రలు

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం గురించి ఈ సిరీస్‌లో ఇంతకు ముందు రాశాను. 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రంలోకి వచ్చి, ఎరుకల వంటి జాతులకు పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చరిత్రలోంచి పుట్టిందే. ఆ చట్టం పేరు మనకు తెలుసు. కానీ 1871 నాటి మూల చట్టంలో రెండో భాగం ఒకటుందని మన సభల్లో ఎవరూ చెప్పరు.

ఆ రెండో భాగం హిజ్రాల మీద. చట్టం వాళ్లను "నపుంసకులు" అని పిలిచింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, 377 సెక్షన్ కింద నేరం చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు, ఆస్తులు రిజిస్టరులో రాయమంది. ఆడబట్టలు కట్టుకుని బహిరంగంగా కనపడితే, ఆడితే, పాడితే శిక్ష అంది. పదహారేళ్ల లోపు మగపిల్లవాడు వాళ్లింట్లో ఉంటే రెండేళ్ల దాకా జైలు అంది. రిజిస్టరులో పేరున్న మనిషికి నాలుగు పనులు చేసే అర్హత లేదని 29వ సెక్షన్‌లో రాసింది. మైనరుకు సంరక్షకులుగా ఉండకూడదు. దానం ఇవ్వకూడదు. వీలునామా రాయకూడదు. కొడుకును దత్తత తీసుకోకూడదు.

మళ్లీ చదవండి. ఒక మనిషి పుట్టుకను నేరం చేసిన చట్టమూ, ఇంకో మనిషి శరీరాన్ని నేరం చేసిన చట్టమూ ఒకటే. ఒకే నంబరు, ఒకే సంతకం. ఎరుకల తల్లి చేతిలోంచి బిడ్డను తీసి సంస్కరణ బడిలో వేసే అధికారం ఆ చట్టపు తర్వాతి రూపాలు సర్కారుకు ఇచ్చాయి. హిజ్రా చేతిలోకి బిడ్డ రాకుండా మొదటి రూపమే ఆపింది. ఒకరి దగ్గర బిడ్డ ఉండకూడదు, ఇంకొకరి దగ్గరికి బిడ్డ రాకూడదు. "వీళ్ల చేతుల్లో పెరిగితే బిడ్డ చెడిపోతుంది" అనే మాట ఇద్దరి మీదా ఒకే నోటి నుంచి వచ్చింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. హిజ్రాలు వేరు, స్వలింగ జంటలు వేరు. ఒకటి తాను ఎవరన్న విషయం, ఇంకొకటి ఎవరిని ప్రేమిస్తారన్న విషయం. కానీ ఈ ఇద్దరినీ ఒకే తాడుతో కట్టింది 377. అది 1860 నాటి శిక్షాస్మృతి సెక్షను. కాబట్టి చరిత్రలో ఈ రెండు కథలూ విడదీయలేనంతగా కలిసిపోయాయి.

ఇదంతా ఉత్తరాది సంగతి అనుకోకండి. నిజాం ప్రభుత్వం కూడా 1329 ఫసలీలో, అంటే 1919లో, ఇదే అచ్చులో ఒక చట్టం చేసింది. హైదరాబాద్ సంస్థానంలో హిజ్రాల రిజిస్టరు పెట్టింది. వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. పదహారేళ్ల లోపు పిల్లవాడు ఇంట్లో ఉంటే జైలు అంది. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్లు! 1952లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పోయిందని పండుగ చేసుకుంటాం కదా, దాని తమ్ముడు మన మధ్యే ఇంకో డెబ్భై ఏళ్లు బతికాడు.

ఆడవాళ్ల ఇల్లు, ఆడబిడ్డ దత్తత

ఇంకో ఇంటి కథ. ఇది మన గోదావరిది.

పాత హిందూ చట్టంలో కూతుర్ని దత్తత తీసుకోవడం లేదన్నాను. ఒక చోట మాత్రం ఉండేది. కలావంతుల ఇళ్లలో. పెళ్లి లేదు, ఇంటిపెద్ద ఆడది, ఆస్తి తల్లి నుంచి కూతురికి. కూతురు లేకపోతే ఒక ఆడపిల్లను పెంచుకుని విద్యనీ ఆస్తినీ ఆమెకు ఇచ్చేవాళ్లు. ఈ దత్తత కోర్టుకెక్కినప్పుడు రెండు హైకోర్టులు రెండు దారులు పట్టాయి. బొంబాయి హైకోర్టు 1880లో మథురా నాయికిన్ కేసులో ఇలాంటి దత్తతను గుర్తించేది లేదంది. మద్రాసు హైకోర్టు ఆచారం ఉంటే వారసత్వం కోసం ఒప్పుకుంది. అదే సమయంలో మైనరు బాలికల్ని వ్యభిచారానికి ఇవ్వడం, తీసుకోవడం నేరమనే శిక్షాస్మృతి సెక్షన్ల కింద ఆ దత్తతల మీదే కేసులూ నడిచాయి.

ఆ ఇళ్లను స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. పేద ఇళ్ల ఆడపిల్లల్ని కొనుక్కున్న కథలు అందులో ఉన్నాయి. దేవుడి పేరు చెప్పి జోగినులుగా మార్చింది మన మాదిగ, మాల ఆడపిల్లల్నే. ఆ గాయం తెలిసినవాళ్లం కాబట్టి మోసపోం. కానీ చట్టం భయపడింది దేనికి అని అడగాలి. పిల్లల్ని అమ్ముకోవడానికేనా? అదే అయితే జమీందారు ఇంట్లో దాసిగా పెరిగిన పిల్లల మాటేమిటి? మొగుడు లేని ఇంట్లో, ఆడవాళ్లే నడిపే ఇంట్లో బిడ్డ పెరగడం కూడా వాళ్ల భయంలో ఒక భాగం. ఈ భయాన్ని గుర్తు పెట్టుకోండి. 2023లో మళ్లీ కనపడుతుంది.

బాబాసాహెబ్, హిందూ కోడ్, 1956

కులం బతికేది పెళ్లిని కట్టడి చేయడం వల్లేనని బాబాసాహెబ్ 1916లోనే, పాతికేళ్ల వయసులో, కొలంబియాలో చదివిన వ్యాసంలో చూపించారు. ఎవరు ఎవరితో కలవాలో, ఎవరి బిడ్డ ఎవరింట్లో పెరగాలో పట్టు బిగిస్తేనే కులం నిలుస్తుంది. ఈ కోణం నుంచి చూస్తే స్వలింగ జంట మీద కోపం, కులాంతర జంట మీద కోపం ఒకే ఇంటి పిల్లలు. రెండూ కులం గీసిన గీత దాటుతాయి.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. 1934లో లైంగిక విజ్ఞానం మీద "సమాజ స్వాస్థ్య" అనే మరాఠీ పత్రిక నడిపిన ఆర్.డి. కార్వే మీద అశ్లీలత కేసు పెట్టారు. స్వలింగ సంపర్కం వంటి విషయాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు రాయడం ఆయన నేరం. ఆయన తరఫున బాంబే హైకోర్టులో వాదించిన లాయరు అంబేడ్కర్. కేసు ఓడిపోయారు. కానీ తొంభై ఏళ్ల కిందట ఆ ఫైలు చంకన పెట్టుకుని కోర్టు మెట్లెక్కిన మనిషి ఫొటో గోడకు తగిలించుకుని, మనం ఈ మాట ఎత్తితే నవ్వుతున్నాం.

హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వనందుకు ఆయన 1951 సెప్టెంబరులో మంత్రి పదవి వదిలేశారు. ఆ బిల్లునే తర్వాత ముక్కలు చేసి నాలుగు చట్టాలుగా తెచ్చారు. అందులో ఒకటి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. ఇది మంచి మెట్టే. కులం షరతు పోయింది. ఆడపిల్లనూ దత్తత తీసుకోవచ్చు. పెళ్లికాని స్త్రీ, వితంతువు కూడా తమ పేరున తీసుకోవచ్చు.

మరి ఎవర్ని బయట వదిలింది? పెళ్లయిన స్త్రీని. భర్త తీసుకుంటే ఆమె సమ్మతి చెప్పాలి, అంతే. తన పేరున తీసుకునే హక్కు 2010 సవరణతోగానీ రాలేదు. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డకు 1962 సవరణ దాకా దారి లేదు. క్రైస్తవులకు, ముస్లింలకు ఆ చట్టం లేనే లేదు. వాళ్లకున్నది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దాని కింద సంరక్షకులు అవుతారు, తల్లీతండ్రీ కారు. బిడ్డకు వారసత్వం రాదు. మన పాలేల్లో రికార్డులో హిందువు, ఆదివారం చర్చి అయిన ఇళ్లు ఎన్ని? ఆ ఇంటి పెంపుడు బిడ్డ ఏ చట్టం కింద బిడ్డ?

ఇక అడ్డతీగల. ఆ చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఇది వర్తించదని. నా క్లాసులో సగంమందికి దత్తత అంటే వాళ్ల తెగ ఆచారమే. తాత ఒప్పుకున్నాడు, కులపెద్దలు ఒప్పుకున్నారు, బిడ్డ ఆ ఇంటి బిడ్డ. కోర్టుకో ఆఫీసుకో పోయినప్పుడు ఆ ఆచారాన్ని రుజువు చేసుకోవాలి. నోటిమాటకు కాగితం ఎక్కడి నుంచి తెస్తారు?

మతంతో, తెగతో పని లేకుండా అందరికీ ఒకే దత్తత చట్టం కావాలని 1972లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది నిలబడలేదు. చివరకు ఆ దారి తెరిచింది 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దాని 2006 సవరణ. ఏ మతంవాళ్లయినా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హాష్మీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడున్నది 2015 నాటి కొత్త చట్టం. నడిపేది కేంద్ర దత్తత సంస్థ కారా.

మూడు ఓట్లు, రెండు ఓట్లు

ఇక అబ్బాయి ప్రశ్నకు నేరుగా జవాబు.

2015 చట్టం ప్రకారం ఒంటరి మనిషి దత్తత తీసుకోవచ్చు. గే అయినా, లెస్బియన్ అయినా ఒంటరిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒంటరి మగవాడికి మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. జంటగా కావాలంటే కారా నిబంధన 5(3) అడ్డం. కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం ఉండాలి అంటుంది అది. ఇద్దరు మగవాళ్లకో ఇద్దరు ఆడవాళ్లకో పెళ్లే లేదు కాబట్టి ఉమ్మడి దత్తత లేదు. పైగా 2022 జూన్ 16న కారా ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. సహజీవనంలో ఉన్నవాళ్లు ఒంటరి దరఖాస్తు పెట్టుకున్నా ఇవ్వొద్దని.

సుప్రియో కేసులో 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీల తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. దత్తత దగ్గర విడిపోయారు. చంద్రచూడ్, సంజయ్ కిషన్ కౌల్ ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమన్నారు. పెళ్లయిన ఆడామగా జంట మాత్రమే మంచి తల్లిదండ్రులు అవుతారనడానికి ఆధారం లేదని, అది క్వీర్ మనుషుల మీద వివక్ష అని చంద్రచూడ్ రాశారు. రవీంద్ర భట్, హిమా కోహ్లి, మన తెలుగువారైన పి.ఎస్. నరసింహ ఒప్పుకోలేదు. జంట విడిపోతే బిడ్డకు రక్షణ ఇచ్చే చట్టాలన్నీ పెళ్లి చుట్టూ అల్లినవని, మార్చాల్సింది పార్లమెంటని భట్ వాదం. పెళ్లికాని జంటలు మంచి తల్లిదండ్రులు కాలేరని చెప్పడం లేదని ఆయనే రాశారు. మూడు, రెండు. నిబంధన నిలిచింది. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు.

విచారణలో బాలల హక్కుల కమిషన్లు కూడా రెండుగా చీలాయి. జాతీయ కమిషన్ స్వలింగ జంటలకు దత్తత వద్దంది. ఢిల్లీ రాష్ట్ర కమిషన్ ఇవ్వాలంది.

దీని అర్థం ఇంట్లో ఎలా ఉంటుందో చూడండి. ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతుకుతున్నారు. ఒకామె ఒంటరి మనిషిగా బిడ్డను తీసుకుంది. బిడ్డ ఇద్దర్నీ అమ్మా అంటుంది. రెండో అమ్మ చట్టానికి పరాయి మనిషి. ఆసుపత్రిలో సంతకం చెల్లదు. ఆమె వీలునామా రాయకుండా పోతే బిడ్డకు ఆమె ఆస్తి రాదు. మొదటి అమ్మ పోతే, ఇంకో అమ్మ వంటింట్లో అన్నం వండుతుండగానే ఆ బిడ్డ చట్టం కళ్లకు అనాథ. బిడ్డ మేలు కోసం అన్న నిబంధన బిడ్డకు ఉన్న ఇద్దరిలో ఒకర్ని తీసేస్తోంది. ఈ చిక్కు గురించి ప్రభుత్వం ఆలోచించాలని భట్ తీర్పు కూడా చెప్పింది.

తీర్పు తర్వాత ఒక కమిటీ వేశారు. 2024లో రేషన్ కార్డుకు స్వలింగ జంటను ఒకే ఇంటివాళ్లుగా చూడమని, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవొచ్చని కేంద్రం చెప్పింది. బియ్యానికి ఒకే ఇల్లు, బిడ్డకు మాత్రం కాదు.

మనం అడగాల్సిన ఇంకో ప్రశ్న

ఇక్కడితో ఆపితే ఇది ఎవరైనా రాసే వ్యాసం. మనం దళితులం, ఆదివాసులం. మనకు ఇంకో ప్రశ్న ఉంది. దత్తతకు వచ్చే బిడ్డలు ఎవరి బిడ్డలు?

1999లో, మళ్లీ 2001లో నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల ఆడశిశువుల వ్యాపారం బయటపడింది. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టిన ఇళ్ల నుంచి దళారులు కొద్ది డబ్బుకు పసికందుల్ని తీసుకుని దత్తత సంస్థలకు చేర్చారు. అక్కడి నుంచి విదేశాలకు. కరువు, కట్నం, కూలి లేకపోవడం, ఇవీ ఆ తండాల్ని అక్కడికి నెట్టినవి. పత్రికల్లో మాత్రం తప్పంతా లంబాడా తల్లులదే అయింది. "వీళ్లు పిల్లల్ని అమ్ముకునే జాతి" అన్న మాట 1871 నాటి మాటే. చివరకు తల్లిదండ్రులు శిశువుల్ని సంస్థలకు అప్పగించడాన్నే రాష్ట్ర ప్రభుత్వం 2001లో ఆపేసింది.

కాబట్టి "దత్తత హక్కు" అన్న నినాదం వినగానే మనలో కొందరికి అనుమానం వస్తుంది. డబ్బున్న జంటలకు మన పేద తల్లుల బిడ్డలా? ఈ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. కానీ లెక్క సరిగ్గా చూడండి. దేవరకొండ బిడ్డల్ని తీసుకుపోయింది స్వలింగ జంటలు కాదు. చట్టం "ఆదర్శ కుటుంబం" అని ముద్ర వేసిన వ్యవస్థలోనే ఆ వ్యాపారం జరిగింది. అమ్మకాన్ని ఆపాల్సింది దళారీ దగ్గర, సంస్థ దగ్గర, తల్లికి తిండి లేని చోట. పెంచేవాళ్లు ఎవర్ని ప్రేమిస్తారన్న చోట కాదు.

నా దృష్టిలో రెండు హక్కులూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకోకుండా ఉండే హక్కు లంబాడా తల్లిది. బిడ్డను పెంచుకునే హక్కు స్వలింగ జంటది. రెండు చోట్లా "నువ్వు తల్లివి కావడానికి తగవు" అని తేల్చింది ఒకే వ్యవస్థ. ఒకటి అడిగి రెండోది వదిలేస్తే మనం ఓడిపోతాం.

దీనికి దారి లేదా అంటే ఉంది. దక్షిణాఫ్రికాలో రాజ్యాంగ న్యాయస్థానం 2002లో డు టోయిట్ కేసులో, స్వలింగ జంటలు కలిసి దత్తత తీసుకోవచ్చని చెప్పింది. అక్కడ స్వలింగ పెళ్లి చట్టం వచ్చింది 2006లో. అంటే నాలుగేళ్ల ముందే బిడ్డల హక్కు తేలింది. పెళ్లి తేలేదాకా బిడ్డ ఆగాల్సిన పని లేదు. తైవాన్‌లో తలకిందులు. 2019లో పెళ్లి ఇచ్చారు, ఉమ్మడి దత్తతకు మాత్రం 2023 దాకా తలుపు మూశారు. తర్వాత తెరిచారు.

మన దగ్గర కావాల్సింది కూడా పెద్ద విప్లవమేం కాదు. కారా నిబంధనలో ఆ ఒక్క వాక్యం మార్చాలి. ఇంట్లో పెంచుతున్న రెండో మనిషిని చట్టం తల్లిగానో తండ్రిగానో గుర్తించాలి. ఆదివాసీ ఆచార దత్తతకు ఊరి గ్రామసభ ఇచ్చే కాగితం చాలాలి. అన్నిటికంటే ముందు, తిండి లేకనో భయంతోనో ఏ తల్లీ బిడ్డను వదులుకోకుండా చూడాలి.

మా పాలెం కథ ఒకటి

చిన్నప్పుడు మా పాలెంలో ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఒకామెను మొగుడు వదిలేశాడు. ఇంకొకామె పెళ్లే చేసుకోలేదు. ఇద్దరూ కలిసి నాట్లకు పోయేవాళ్లు, కలిసి వచ్చేవాళ్లు. మొదటామె చెల్లెలు కాన్పులో పోతే ఆ పసివాణ్ని తెచ్చి పెంచారు. వాడు ఒకామెను అమ్మా అని, ఇంకొకామెను పెద్దమ్మా అని పిలిచేవాడు. వాళ్లిద్దరి మధ్య ఏముందో పాలెంలో ఎవరూ అడగలేదు. నేనూ ఇప్పుడు అడగను.

వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. బడి రిజిస్టరులో సంరక్షకురాలి గడిలో ఆమె పేరే ఉంది. కుల సర్టిఫికెట్ కోసం, స్కాలర్‌షిప్ కోసం పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది. "నువ్వెవరు వాడికి?" అని అడిగారు. "పెంచినదాన్ని" అంది. ఆ జవాబుకు అక్కడ గడి లేదు. ఆ ఏడాది స్కాలర్‌షిప్ రాలేదు, పదో తరగతి చదువు లేదు. వాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. ముసలిదయిన పెద్దమ్మకు మందులు వాడే కొంటాడు.

కాబట్టి వెనక బెంచీ అబ్బాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఇవాళ్టి చట్టం ప్రకారం ఇద్దరు మగవాళ్లు కలిసి దత్తత తీసుకోలేరు. ఇద్దరు ఆడవాళ్లూ తీసుకోలేరు. పెంచడం మాత్రం మన వాడల్లో ఎప్పటి నుంచో జరుగుతోంది. వచ్చే క్లాసులో ఈ ప్రశ్న మళ్లీ అడుగు. ఈసారి ఎవరైనా నవ్వితే 1871 సంగతి నువ్వే చెప్పు.

వచ్చే వారం, వాయిదా వేసిన విషయంతో కలుద్దాం.

జై భీమ్.